చీటీ మీద చిరునామా, వీధి చివర కుళాయి: విజయవాడ, గుంటూరు ప్రాంత ఆరోగ్య లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణానదికి రెండు వైపులా ఉన్న వార్డుల్లో, పంచాయతీల్లో ప్రజల ఆరోగ్యాన్ని కలిసి కొలవాలని, ఆ కొలతను బట్టి కలిసి పనిచేయాలని కొందరం కొంతకాలంగా ప్రయత్నిస్తున్నాం. మాలో వైద్యులు, ఉపాధ్యాయులు, మహిళా సంఘాల సభ్యులు, నాలాగా ఆరోగ్య పర్యవేక్షకులుగా పనిచేసి విరమించినవారు ఉన్నారు. వార్డు సమావేశాల్లో పదే పదే ఎదురయ్యే ప్రశ్నలకు మేము చెప్పే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

ప్రజల ఆరోగ్యాన్ని కొలవడం అంటే ఏమిటి? ఆసుపత్రులు ఆ పని చేయడం లేదా?

ఆసుపత్రికి తన గడప తొక్కిన రోగి మాత్రమే తెలుసు. గడప తొక్కనివారి సంగతి దాని పుస్తకాల్లో ఉండదు. రక్తపోటు ఉందని తెలియకుండానే మిర్చి యార్డులో బస్తాలు మోస్తున్న మనిషి, నెలసరిలో ఎక్కువ రక్తం పోతున్నా ఎవరికీ చెప్పుకోని గృహిణి, బరువు పెరగని పసిబిడ్డ ఏ రిజిస్టరుకూ ఎక్కరు. వారిని కూడా కలుపుకొని చూడడమే ప్రజారోగ్య కొలత.

అందుకే మేము కేసుల సంఖ్యతో ఆగం, ఎంత జనాభాలో ఎన్ని కేసులు అని అడుగుతాం. ఉదాహరణకు ఇరవై వేల మంది ఉన్న డివిజన్‌లో 40 డెంగీ కేసులు, ఎనిమిది వేల మంది ఉన్న మరో డివిజన్‌లో 24 కేసులు వచ్చాయనుకోండి. పైపైన చూస్తే మొదటి డివిజన్ పరిస్థితి ఘోరంగా కనిపిస్తుంది. లక్ష మందికి లెక్కగడితే మొదటిదానిలో 200, రెండోదానిలో 300. దోమల మందు బండి ముందు ఎటు వెళ్లాలో ఈ చిన్న భాగహారం చెబుతుంది.

రెండు నగరాలు, రెండు జిల్లాలు. ఎవరి లెక్క వారు చూసుకుంటే సరిపోదా?

కాగితం మీద సరిపోతుంది. మనుషులు మాత్రం ఆ కాగితం ప్రకారం నడవరు. రెండు నగరాల మధ్య దూరం ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. గుంటూరులో నిద్ర లేచి విజయవాడలో ఉద్యోగం చేసేవారు, విజయవాడలో ఉంటూ మంగళగిరిలో చదువుకునేవారు వేలల్లో ఉన్నారు. రెండింటి మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ప్రైవేటు వైద్యానికి కొందరు విజయవాడ సూర్యారావుపేట వెళతారు, కొందరు గుంటూరు కొత్తపేట వెళతారు. రెండు వైపులా తాగేది చాలావరకు కృష్ణ నీరే.

నేను కళ్లారా చూసినది ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ఆసుపత్రిలో జ్వరం కేసుల చిరునామాలు సరిచూస్తున్నాం. ఒక వారంలో పదకొండు ఓపీ చీటీల మీద చిరునామా ఉండాల్సిన చోట ‘విజయవాడ’ అని ఒక్క మాటే ఉంది. క్యూ పెద్దదిగా ఉంటే చీటీ రాసేవారు ఇంకేం చేస్తారు? వాటి మీద ఉన్న నంబర్లకు ఫోను చేశాం. ఏడుగురు నదికి అవతల, దుగ్గిరాల వైపు ఒకే ఊరివారు. వైద్యం కోసం వచ్చి విజయవాడలో కూతురి ఇంట్లోనో చెల్లెలి ఇంట్లోనో దిగారు. విజయవాడ లెక్కలో వారు ఏడు వేర్వేరు జ్వరాలు, సొంత ఊరి లెక్కలో సున్నా. ఆ ఊళ్లో దోమల గుడ్లు వెతకడానికి ఎవరూ వెళ్లలేదు, వెళ్లాలని ఎవరికీ తెలియదు.

మా ప్రయత్నమంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. రోగిని చికిత్స పొందిన చోట కాక నివసించే చోట లెక్కించాలి. ఆ లెక్క తిరిగి ఆ వీధికే చేరాలి. ఇందుకు రెండు జిల్లాలూ ఒకే తీరున చిరునామా రాయాలి, ఒకరికొకరు వారం వారం పంపుకోవాలి.

వరదల సమయంలో ఈ లెక్కలు ఏమవుతాయి?

తలకిందులవుతాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది, అంత ప్రవాహం అంతకు ముందు నమోదు కాలేదు. ఎన్నో కుటుంబాలు చేతికందినది పట్టుకొని బంధువుల ఇళ్లకు వెళ్లిపోయాయి. బురద నీటిలో నడిచినవారికి ఎలుక జ్వరం రావడానికి రెండు రోజుల నుంచి నాలుగు వారాల దాకా పట్టవచ్చు. జ్వరం బయటపడే సమయానికి ఆ మనిషి తెనాలిలో ఉండవచ్చు, ఏలూరులో ఉండవచ్చు. అక్కడి వైద్యుడు ‘వరద నీటిలో తిరిగారా?’ అని అడిగి రాసుకుంటేనే అది ఏ నీటి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

జిల్లాల విభజన వల్ల పాత గణాంకాలు పనికిరాకుండా పోయాయా?

పోలేదు గానీ జాగ్రత్తగా వాడాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత కృష్ణా జిల్లా నుంచి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘గుంటూరు’ అంటే మాచర్ల నుంచి రేపల్లె దాకా ఉన్న పెద్ద జిల్లా. ఆ అంకెను నేటి గుంటూరు అంకె పక్కన పెట్టి ‘తగ్గింది’, ‘పెరిగింది’ అని ప్రకటించడం తప్పు. మండలాల వారీగా విడదీసి మళ్లీ కూడితేనే పోలిక కుదురుతుంది.

దీనికి తోడు జనాభా లెక్క ఇప్పటికీ 2011 నాటిదే. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027కి వెళ్లింది. నగర శివార్లలో కాలనీలు కొత్తగా ఎన్ని వెలిశాయో మీకు తెలుసు. భాగహారంలో కింద వేసే సంఖ్య పాతదైతే జబ్బు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకని ఆశా కార్యకర్తల ఇంటింటి జాబితాలతో, ఓటర్ల జాబితాలతో సరిచూసుకుంటాం.

ఏమేమి కొలవాలంటారు?

కొన్నే. జాబితా పొడవు పెరిగిన కొద్దీ కొలత పలచబడుతుందని అనుభవం మీద చెబుతున్నాను. తాగునీటిలో మిగులు క్లోరిన్ (క్రిములను చంపడానికి కలిపినదానిలో కుళాయి దాకా మిగిలేది), గర్భిణులలో హిమోగ్లోబిన్, ముప్పై ఏళ్లు దాటినవారి రక్తపోటు, చక్కెర, ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదల, జ్వరాలు, విరేచనాలు, క్షయ చికిత్స పూర్తి చేసినవారు, మరణం, దాని కారణం. ఇంతే.

రక్తహీనత ఎందుకంటే, 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63.2 మందికి ఉంది. 2015-16 సర్వేలో పిల్లల్లో ఇది నూటికి 58.6. అన్నపూర్ణ అని పేరు పడ్డ డెల్టా ఉన్న రాష్ట్రంలో పసివాళ్ల రక్తం పలచబడుతుంటే నాకు నిద్ర పట్టదు.

పిల్లల విషయంలో ఖరీదైన పరికరం అక్కర్లేదు. అంగన్‌వాడీలో మూడు రంగుల పట్టీ ఉంటుంది. ఎడమ భుజానికి, మోచేతికి సరిగ్గా మధ్యన, బిగించకుండా, వదులుగా లేకుండా చుట్టాలి. చేతి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఆకుపచ్చ. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు. ఎరుపు వచ్చిన బిడ్డను వైద్యుడికి ఆ రోజే చూపించాలి, మరుసటి నెల తూకం దాకా ఆగకూడదు. ఒకసారి ఒక తల్లి పట్టీని చూసి, ‘మా వాడిది సన్నటి ఒళ్లు, మా ఆయన పోలిక’ అంది. బిడ్డ జుట్టు రాగి రంగుకు తిరిగింది, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడింది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఇరుగుపొరుగు పిల్లలు కూడా అలాగే ఉంటే, అదే మామూలు ఒళ్లని ఏ తల్లైనా అనుకుంటుంది.

కొలత సరిగా ఉందని ఎలా నమ్మాలి?

మంచి ప్రశ్న, మాకు అన్నింటికన్నా ఎక్కువ పని పెట్టే ప్రశ్న. ఒకచోట రక్తపోటు రిజిస్టరు తిరగేస్తే నాలుగు పేజీల నిండా 120/80, 130/80 తప్ప మరో అంకె లేదు. నూట అరవై మంది మనుషుల గుండెలు ఒకే తాళానికి కొట్టుకుంటాయా? రాసిన అమ్మాయిని కోప్పడలేదు. ఆమెకు ఇచ్చిన పరికరంలో బ్యాటరీ అయిపోయి మూడు నెలలైంది, సాయంత్రానికి మాత్రం సంఖ్య పంపాలి. తప్పు అంకె పుట్టేది సాధారణంగా ఇలాగే.

మేము చేసేది ఇది. ప్రతి రిజిస్టరులో చివరి అంకెలు చూస్తాం. సున్నాలు, ఐదులు మరీ ఎక్కువైతే పరికరాన్ని ముందు పరీక్షిస్తాం. తర్వాత పది ఇళ్లలో మళ్లీ కొలుస్తాం. కొలిచే పద్ధతి కూడా అందరిదీ ఒకటే ఉండాలి. మనిషి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి, వీపుకు ఆనుడు, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో, అంతకు ముందు అరగంటలో కాఫీ, టీ, చుట్ట ఏవీ ఉండకూడదు. రెండుసార్లు కొలవాలి. మూడో అంతస్తు మెట్లెక్కి వచ్చిన పెద్దాయనకు వెంటనే పట్టీ చుట్టి, వచ్చిన 150కి మాత్రలు మొదలుపెడితే అది అన్యాయం.

నీటి సంగతి ఎందుకు అంత నొక్కి చెబుతారు?

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయాయి. మురుగు వెళ్లి తాగునీటిలో కలిసింది. ఆ ఇళ్లవారిని ఆ తర్వాత కలిసినప్పుడు వారు చెప్పిన మాట ఒకటే: ‘నీళ్లు వాసన వస్తున్నాయని ముందే అనుకున్నాం’. ఆ ముందస్తు మాట ఎక్కడా నమోదు కాలేదు.

నీటిని ట్యాంకు దగ్గర పరీక్షిస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. పరీక్షించాల్సింది వీధి చివరి కుళాయి దగ్గర. తెల్లవారుజామున నీళ్లు వదిలిన కాసేపటికి గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి కదిపితే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే క్లోరిన్ అంత ఉన్నట్టు. పక్కనున్న రంగుల పలకతో పోల్చాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పరీక్ష చేసిన నీటిని పారబోసి చేతులు కడుక్కోవాలి.

ఒక శివారు వీధిలో మొదటి కుళాయి దగ్గర నీరు పసుపుగా మారింది. పదో ఇంటి దగ్గర లేతబడింది. ఆఖరి ఇంట్లో, మురుగుకాలువ మీదుగా పైపు దాటిన చోట, గొట్టంలోని నీరు మంచినీళ్లలా తెల్లగానే ఉండిపోయింది. చుట్టూ చేరిన ఆడవారికి ఎవరూ ఏమీ వివరించాల్సి రాలేదు. మూడు గొట్టాలు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి వార్డు సచివాలయానికి వారే తీసుకెళ్లారు. జాయింటు మార్చాక అదే మూడు చోట్ల మళ్లీ పరీక్షించాం. ఈ రెండో పరీక్షను చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో మొదటిదానికన్నా ఇదే ముఖ్యం.

ఎక్కువ కేసులు చూపించే ప్రాంతం ఎక్కువ జబ్బుగా ఉన్నట్టేనా?

ఎప్పుడూ కాదు. ఎక్కువ పరీక్షలు చేసినచోట ఎక్కువ కేసులు దొరుకుతాయి. వయసు కూడా చూడాలి. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్న పాతబస్తీలో గుండెపోటు మరణాలు ఎక్కువ ఉండడం, కుర్రకారు ఎక్కువ ఉన్న ఆటోనగర్ పరిసరాల్లో తక్కువ ఉండడం సహజం. వయసుల తేడాను సరిచేసిన తర్వాతే పోలుస్తాం.

ప్రైవేటు ఆసుపత్రులు, ఆర్‌ఎంపీలు సహకరిస్తారా?

క్షయ కేసును ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. చాలామంది పాటిస్తున్నారు. మిగతా జబ్బుల్లో పరిస్థితి ఆసుపత్రిని బట్టి ఉంటుంది. వారిని పక్కన పెట్టి లెక్క వేస్తే మాత్రం సగం ఊరిని వదిలేసినట్టే. కాన్పులనే తీసుకోండి. అదే 2019-21 సర్వేలో రాష్ట్రంలో సిజేరియన్ కాన్పులు నూటికి 42.4. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవి 26.6, ప్రైవేటులో 63. ఇంత తేడా తల్లుల ఆరోగ్యం వల్లే వచ్చిందని నేను నమ్మను. ఎవరినీ నిందించకుండా ఈ అంకెను ప్రసూతి వైద్యుల ముందే పెట్టి మాట్లాడుకోవాలి.

ఇక ఆర్‌ఎంపీల సంగతి. పల్లెల్లో జ్వరం వచ్చినవారు మొదట తలుపు తట్టేది వారిదే. వారి వైద్యం గురించి నాకు అభ్యంతరాలు ఉన్నాయి, ముఖ్యంగా అడిగినవారికల్లా ఇంజెక్షన్ వేయడం మీద. అయినా ఒక వీధిలో విరేచనాలు మొదలైన సంగతి మెడికల్ షాపుకూ వారికీ అందరికన్నా ముందే తెలుస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఒక్కసారిగా అమ్ముడైతే ఫోను చేయమని కోరాం. కొందరు చేస్తున్నారు.

నా జబ్బు వివరాలు బయటకు పోవని హామీ ఏమిటి?

పేరు, ఫోను నంబరు చికిత్స చేసేవారి దగ్గరే ఉంటాయి. మేము పంచుకునేది వయసు, ఆడా మగా, వార్డు, జబ్బు, వారం. ఒక వీధిలో ఐదుగురికన్నా తక్కువ ఉంటే ఆ అంకెను ప్రకటించం, ఎందుకంటే ‘ఆ సందులో క్షయ ఒకరికి’ అంటే ఆ ఒకరు ఎవరో సందంతా చెప్పేస్తుంది. హెచ్‌ఐవీ వివరాల గోప్యతకు 2017లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా ఉంది. అయితే చట్టం కన్నా ముందు నోరు అదుపులో ఉండాలి. సమావేశం బయట ఒక రోగి గురించి మాట్లాడినవారిని తర్వాతి సమావేశానికి పిలవం.

ప్రభుత్వం ఇచ్చే పద్నాలుగు అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య, అంటే ఆభా నంబరు, లేకపోయినా మా లెక్కలో మీరు ఉంటారు.

ఇవన్నీ బయటపెడితే మా డివిజన్‌కు చెడ్డపేరు వస్తుంది కదా? అద్దెలు పడిపోతాయి, సంబంధాలు రావు.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలో కిడ్నీ జబ్బులతో తండాలు ఎంత నలిగిపోయాయో తెలిసినవారికి ఈ భయం అర్థమవుతుంది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ అంకైనా ముందు ఆ వీధివారికే చూపిస్తాం, వారు అడిగిన సందేహాలు తీర్చాకే మరెవరికైనా చూపిస్తాం. దాచిన అంకె వల్ల బాగుపడిన వీధిని నేను చూడలేదు.

ఆశా కార్యకర్తలకు ఇప్పటికే పని ఎక్కువ. మరో ఫారం పెడతారా?

పెట్టం. ఇది మాకు ప్రాణప్రదమైన నియమం. ఒక ఆశా కార్యకర్త సంచిలో ఎన్ని రిజిస్టర్లు ఉంటాయో, ఫోనులో ఎన్ని యాప్‌లు ఉంటాయో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గర్భిణి పేరును ఆమె నాలుగు చోట్ల రాస్తుంది. వ్యాధుల నిఘాకు 2004 నుంచి ప్రభుత్వ వ్యవస్థ ఉంది, అది 2021 నుంచి కొత్త ఆన్‌లైన్ వేదిక మీదకు మారింది. అందులోకి ఇప్పటికే చేరుతున్న సమాచారాన్నే వాడుకుంటాం. చిరునామా గడిలో వార్డు, వీధి రాయమని మాత్రమే అడుగుతాం. ప్రతి నెలా ఆమె ఇచ్చిన అంకెలతో ఒక పేజీ చిత్రపటం గీసి ఆమె చేతికే ఇస్తాం. ఇన్నేళ్లలో తన అంకెలు తిరిగి తన దగ్గరికి రావడం ఇదే మొదటిసారి అని ఒకామె అంది.

మరణ కారణం నమోదు గురించి ఎందుకు అడుగుతారు? పోయినవారు పోయారు కదా.

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలని 1969 చట్టం చెబుతోంది. ఇంట్లో పోయినవారి విషయంలో కారణం దగ్గర ‘గుండె ఆగిపోయింది’ అని రాసేస్తారు. ఎవరు పోయినా చివరకు ఆగేది గుండే. రోహిణి కార్తెలో ఎండదెబ్బకు పోయిన కూలీ కూడా ఆ మాట కిందే మాయమవుతాడు. అతడు మధ్యాహ్నం ఎక్కడ పనిచేశాడు, నీళ్లు దొరికాయా అని ఇంటివారిని అడిగి రాస్తే, వచ్చే వేసవిలో ఆ పనిచోట నీడ వేయించమని అడగడానికి ఆధారం దొరుకుతుంది.

ఇలా కలిసి కొలవడం మరెక్కడైనా ఉందా?

ఉంది. అమెరికాలో లాభాపేక్ష లేని ఆసుపత్రులు తమ ప్రాంత ప్రజల ఆరోగ్య అవసరాలను మూడేళ్లకోసారి అంచనా వేయాలని 2010 చట్టం కోరింది. చాలాచోట్ల పోటీ ఆసుపత్రులే ఒక్కటై ఆ అంచనా తయారు చేస్తాయి. మనకు అచ్చంగా అదే నమూనా అక్కర్లేదు. మన దగ్గర ఇంటి గడప దాకా వెళ్లే ఆశా, ఏఎన్‌ఎం ఉన్నారు. అది పెద్ద బలం.

మానసిక ఆరోగ్యం ఈ లెక్కలో ఉందా?

ఇంకా లేదు. సరైన శిక్షణ లేకుండా ఇంటింటికీ వెళ్లి అడిగితే మేలుకన్నా కీడే ఎక్కువ. సాయం కావాల్సినవారు 14416 టెలిమానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నేను చేరాలంటే ఏం చేయాలి?

చదువు, హోదా అక్కర్లేదు. మీ వార్డు లేదా గ్రామ సచివాలయం ఏఎన్‌ఎంను కలిసి ఆరోగ్య, పారిశుద్ధ్య సమావేశం ఎప్పుడో అడగండి. వచ్చేటప్పుడు మీ వీధి పటాన్ని తెల్లకాగితం మీద గీసి తీసుకురండి. కుళాయిలు, బోర్లు, మురుగుకాలువ, చెత్త వేసే మూల, అంగన్‌వాడీ, నడవలేని పెద్దవాళ్లున్న ఇళ్లు గుర్తించండి. మీ వీధిలో ఆఖరి కుళాయి ఎవరి ఇంట్లో ఉందో తెలుసుకొని, తెల్లవారుజామున నీళ్లు వదిలేటప్పుడు గేటు తీసి ఉంచమని వారికి ముందురోజే చెప్పండి.